డెల్టాలో సెంటున్నర ఇల్లు: కాపురం పెట్టాక తెలిసిన సంగతులు

పాలకొల్లు వైపు ఒక కాలనీలో ఉంటున్నాం. 2020 డిసెంబరులో మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలో వచ్చిన స్థలం ఇది. రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. మాదీ నా పేరునే ఉంది. అంతకుముందు కాలవగట్టు మీద తాటాకింట్లో ఉండేవాళ్లం. ఎప్పుడు ఖాళీ చేయమంటారో అన్న టెన్షన్ ఇప్పుడు లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మొదటిసారి పిల్లలు ఇంట్లోనే నిద్రపోయారు. ఈ ఒక్క మాటకే పథకానికి నా దండం.

ఇక నేల సంగతి. ఊళ్లల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. ఇంటికి సాయం లక్షా 80 వేలు, ఇసుక ఉచితం, పైన పావలా వడ్డీకి 35 వేల అప్పు ఇచ్చారు. అనంతపురంలో గట్టి నేల మీద కట్టేవాళ్లకీ ఇంతే, ఇక్కడ వరిచేలో కట్టేవాళ్లకీ ఇంతే. మా స్థలం రోడ్డుకి బాగా కింద ఉండేది. మెరక చేయాలంటే గ్రావెల్ మెట్ట నుంచి లారీల్లో రావాలి. ప్రభుత్వ సాయం బిల్లు బేస్‌మెంట్‌కి వస్తుంది, శ్లాబుకి వస్తుంది, కింద పోసిన మట్టికి మాత్రం రాదు. మా చేతి డబ్బు ఎక్కువగా అక్కడే పోయింది. పైగా అడుగున ఉన్నది నల్లమట్టి: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. పోసిన మట్టి ఒక వానాకాలం దిగకముందే గోడలు లేపిన ఇళ్లకి బీటలు పడ్డాయి.

గదులు చిన్నవే, సర్దుకున్నాం. బట్టలు, వడియాలు అన్నీ డాబా మీదే. సర్దుకోలేనిది మరుగుదొడ్డి. శ్రావణం, భాద్రపదాల్లో భూమిలో నీరు పైకి వచ్చేస్తుంది, గుంట ఇంకదు, వాడుకోవడానికి ఉండదు. ఆడపిల్లలున్న ఇంట్లో అది ఎంత కష్టమో చెప్పలేను. బోరు నీళ్లు ఉప్పు, తాగడానికి టిన్నులు కొనాల్సిందే. మురుగు కాలవలో గుర్రపుడెక్క తీస్తే వీధిలో నీళ్లు త్వరగా లాగుతాయి, తీయకపోతే రోజుల తరబడి నిలుస్తాయి.

ఇప్పటి ప్రభుత్వం వాళ్లు ఊళ్లల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంటున్నారు. 2025లో, సగంలో ఆగిన ఇళ్లకి ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించారు. మంచిదే. డెల్టాకి మాత్రం మెరకకి వేరే డబ్బు ఇవ్వాలి, ఇళ్లకంటే ముందు డ్రెయిన్ తవ్వాలి. స్థలం ఎంత పెద్దదిచ్చినా ఈ రెండూ లేకపోతే మా అవస్థే కొత్తగా వచ్చేవాళ్లకీ.

కొత్తగా పట్టా అందుకునేవాళ్లు పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి స్థలం చూసుకోండి. బేస్‌మెంట్ రోడ్డు కంటే కనీసం రెండడుగులు ఎత్తు లేపండి. రోడ్డు వేసిన ప్రతిసారీ అది ఇంకాస్త పైకి వస్తుంది, మన గుమ్మం మాత్రం అక్కడే ఉంటుంది.