చినిగింది స్పీకర్ కాదు

మొన్న ఇల్లు మారుతుంటే ఒక అట్టపెట్టెలోంచి ‘డెత్ మ్యాగ్నెటిక్’ సీడీ బయటపడింది. అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా వాళ్ల ఆల్బమ్, 2008 సెప్టెంబర్ 12న వచ్చింది. సామాన్లు సర్దడం పక్కనపెట్టి విన్నా. రెండో నిమిషానికల్లా పాత కోపమంతా ఎక్కడికక్కడ లేచొచ్చింది. ఆ తర్వాత వాళ్లు 2016లో ఒకటి, 2023లో ఒకటి చేశారు. అవీ కొన్నాను, వాటితో నాకింత పేచీ లేదు. ఇది వట్టి చెత్త ఆల్బమ్ అయ్యుంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ని. కాదు కాబట్టే ఈ గోల.

అప్పటికి వాళ్ల అభిమానులం మేం ఎంత ఆకలి మీద ఉన్నామో చెప్పాలి. 2003లో వచ్చిన వాళ్ల ముందు ఆల్బమ్ ‘సెయింట్ యాంగర్’లో గిటార్ సోలో అన్నది ఒక్కటి లేదు. స్నేర్ డ్రమ్ము చూస్తే, పెళ్లి వంటల దగ్గర ఖాళీ తపేలా మీద ఎవరో గరిటెతో కొడుతున్నట్టు. ఐదేళ్లు దాన్నే సమర్థించుకుంటూ బతికాం. ఇంతలో పాత ప్రొడ్యూసర్ బాబ్ రాక్‌ని పక్కనపెట్టి రిక్ రూబిన్‌ని పెట్టుకున్నారని, వాళ్ల పాత గొప్ప ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ రోజుల్లో ఎలా ఆలోచించేవాళ్లో అలా ఆలోచించండని ఆయన వీళ్లకి చెప్పాడని తెలిసింది. ఇంకేముంది, పండగే అనుకున్నాం.

ఇంకో సంగతి. 2000లో మెటాలికా వాళ్లు నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ అనే సర్వీసు మీద కేసు వేసి, అందులో పాటలు ఊరికే పంచుకుంటున్న మూడు లక్షల పైచిలుకు యూజర్ల పేర్ల జాబితా పట్టుకెళ్లి ఇచ్చినప్పుడు హాస్టల్లో మేమంతా వాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాం. తిట్టమా మరి, మా దగ్గరున్నదంతా దొంగ మెటాలికానే. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న ఒకే ఒక్క ఎంపీత్రీ సీడీలో వాళ్ల బతుకు మొత్తం ఉండేది. ఉద్యోగం వచ్చాక సిగ్గేసి, ఇకపై వీళ్ల పాట ఏదైనా డబ్బిచ్చే కొంటానని ఒట్టు పెట్టుకున్నా. ఆ ఒట్టు మీద కొన్న మొదటి కొత్త ఆల్బమ్ ఇదే. 395 రూపాయలు. బిల్లు ఇంకా కవర్‌లోనే ఉంది, అక్షరాలు చెరిగిపోయాయి.

మొదటి పాట గుండె చప్పుడుతో మొదలవుతుంది. లబ్ డబ్, లబ్ డబ్, వెనక సన్నగా గిటార్. లైట్లార్పి కూర్చున్నా. తర్వాత బ్యాండ్ మొత్తం ఒక్కసారి విరుచుకుపడింది. నా కుడి స్పీకర్‌లోంచి గరగర మొదలైంది.

సౌండ్ తగ్గించా. గరగర కూడా చిన్నదైందే గానీ పోలేదు. కుడి వైరు ఎడమకి, ఎడమ వైరు కుడికి మార్చా. ఎడమ స్పీకర్ కూడా గరగరమంది. ఆ పాటికే బుద్ధి ఉన్నవాడికి అర్థమైపోవాలి. నాకు కాలేదు, ఎందుకంటే తప్పు వాళ్లది అయ్యుంటుందన్న ఆలోచనే రాలేదు. ఆంప్లిఫయర్ పోయిందనుకున్నా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అందులోనూ అదే చిటపట, నూనెలో తడి పచ్చిమిర్చి వేసినట్టు. ‘ఇవీ పాతవైపోయాయి’ అనుకున్నా. అదే రాత్రి స్నేహితులందరికీ మెయిల్ పెట్టాను: ‘మనవాళ్లు తిరిగొచ్చార్రా, సోలోలు చూడండి, నా సిస్టమ్ ఏడుస్తోంది గానీ ఆల్బమ్ అదిరింది’ అని. ఆ మెయిల్ ఇప్పటికీ ఉంది. చదివితే నవ్వొస్తుంది.

ఆదివారం రెండు స్పీకర్లూ, ఆంప్లిఫయరూ ఆటోలో వేసుకుని కోఠీ వెళ్లా. గుజరాతీ గల్లీ దగ్గర ఒకాయన ఉండేవాడు, ఉఫర్లకి కొత్త కోన్లు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ముందు జాలీ ఊడదీశాడు. రెండు బొటనవేళ్లూ కోన్‌కి చెరోపక్క ఆనించి, పసిపిల్లాడి పొట్ట నొక్కినట్టు మెల్లగా లోపలికి నొక్కి వదిలాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కాడు. వాయిస్ కాయిల్ రుద్దుకుంటుంటే అలా నొక్కినప్పుడు లోపల ఇసుక రాలినట్టు వినపడుతుందట. ఏమీ లేదు. తన దగ్గరున్న ఇళయరాజా పాటల సీడీ పెట్టాడు. తబలా, బేస్ గిటార్ దేనికది విడివిడిగా, నిమ్మళంగా పలికాయి. అప్పుడు నా సీడీ అడిగి తీసుకుని, తన షాపు స్పీకర్ల మీద పెట్టాడు. అదే గరగర. అర నిమిషం విని ఆపేశాడు.

“మీ స్పీకర్లకి ఏం కాలేదు సార్. పాటనే చినిగింది.”

నేను ఒప్పుకోలేదు. అమెరికా బ్యాండ్ అనీ, కోట్ల రూపాయల రికార్డింగ్ అనీ, హెవీ మెటల్ అంటే అలాగే ఉంటుందనీ ఏదో చెప్పబోయా. ఆయన జాలీ బిగిస్తూనే, “అరుసుడు వేరు సార్, చినుగుడు వేరు” అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. చాయ్ మాత్రం తాగించాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి వారం పట్టింది. ఆల్బమ్ వచ్చిన రోజే ‘గిటార్ హీరో’ అనే వీడియోగేమ్‌లోకీ ఈ పాటలన్నీ వచ్చాయి. గేమ్ కోసం వాటిని విడిగా మిక్స్ చేశారు, అంటే గిటార్లు, డ్రమ్ములు, గొంతు వేరేగా కలిపారు. అందులో ఈ గరగర లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన అభిమానులు లబోదిబోమన్నారు. మళ్లీ మిక్స్ చేసి విడుదల చేయండని అర్జీ పెడితే పదివేల మందికి పైగా సంతకాలు చేశారు, అందులో నాదొకటి. మాస్టరింగ్, అంటే సీడీకి ముందు సౌండ్‌కి చివరి మెరుగులు, చేసిన టెడ్ జెన్సెన్ అయితే, మిక్స్‌లు తన దగ్గరికి వచ్చేసరికే అలా అణగదొక్కి ఉన్నాయని ఒక అభిమానికి రాసిన మెయిల్‌లో చెప్పేశాడు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ మాత్రం సౌండ్ బాగానే ఉందని సమర్థించుకున్నాడు.

జరిగిందేంటంటే, సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఆ అంకె 32,767 దాటి పైకి పోలేదు, అంతే దాని కప్పు. పక్కవాడి పాటకంటే మన పాట గట్టిగా వినపడాలని మొత్తాన్ని పైకి నెట్టుకుంటూ పోతే, డ్రమ్ము దెబ్బ మొన కప్పుకి తగిలి తెగిపోతుంది. ఆ తెగిన చోటే గరగర. కంప్యూటర్లో బొమ్మ వేసి చూశా. 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పాట కొర్రమీను ముల్లులా ఉంది, వెన్ను మీద నుంచి సన్నటి ముళ్లు పైకీ కిందకీ. ఇదేమో రంపంతో కోసిన దుంగ. శబ్దం హెచ్చుతగ్గుల్ని కొలిచే డీఆర్ (డైనమిక్ రేంజ్) లెక్కలో ఈ సీడీకి వచ్చేది 3, అంటే హెచ్చుతగ్గులు దాదాపు లేనట్టే. మన జాతరల్లో చెట్టుకి కట్టిన హార్న్ స్పీకర్ గుర్తు తెచ్చుకోండి. దాన్ని క్షమించొచ్చు, పక్క ఊరికి వినపడాలి కదా. నేను నా గదిలో కూర్చుని వింటున్నా.

డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి ఆ గేమ్ ఉండేది. కానీ అక్కర్లేకపోయింది, గేమ్‌లోంచి పాటలు బయటికి తీసి ఎవరో నెట్‌లో పెట్టేశారు. ఒక రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి దింపా. అవును, దొంగ కాపీనే. ఒట్టు పెట్టుకుని డబ్బిచ్చి కొన్నది వినలేకపోయా, ఉచితంగా దింపింది ఇన్నేళ్లుగా వింటున్నా. ‘ది డే దట్ నెవర్ కమ్స్’ చివరి మూడు నిమిషాల్లో రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. సీడీలో అది రోడ్డు పని. గేమ్ కాపీలో మొదటిసారి విన్నప్పుడు ప్రతి డ్రమ్ము దెబ్బ వెనకా కాస్త ఖాళీ వినిపించింది. ఆ ఖాళీ కోసం మళ్లీ మళ్లీ పెట్టుకున్నా.

2009లో మెక్సికో సిటీ కచేరీల డీవీడీ వచ్చాక ఇంకా స్పష్టమైంది, పాటల్లో దమ్ముంది. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి మేం ఐదుగురం రాత్రి బస్సులో వెళ్లాం. రెండ్రోజుల ముందే ఢిల్లీ షో రద్దయింది, బస్సెక్కాక కూడా గుండె పీచుపీచుమంటూనే ఉంది. ఆ రాత్రి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పేదేం లేదు, లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

అయితే ఇన్నేళ్ల తర్వాత ఒకటి ఒప్పుకోవాలి. సౌండ్ మీద కోపంలో పాటల్ని కాస్త ఎక్కువే పొగిడానేమో. పది పాటలు, 75 నిమిషాలు. గేమ్ కాపీలో కూడా ‘ది అన్‌ఫర్గివెన్’ మూడో భాగం రాగానే నా చెయ్యి దానంతటదే తర్వాతి పాటకి పోతుంది. పది నిమిషాల వాద్యసంగీతం ఒకటుంది, ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లోని వాద్యసంగీతం ‘ఓరియన్’ విన్న చెవులకి అది ఆనదు. రెండు పాటలు తీసేసి, మిగతావాటిలో తలా నిమిషం కత్తిరిస్తే గొప్ప ఆల్బమ్ అయ్యేది. ‘ఆల్ నైట్‌మేర్ లాంగ్’ జోలికి మాత్రం ఎవరూ రావద్దు.

కొనమంటానా? ఎక్కడ వింటారనేదాన్ని బట్టి. సిటీ బస్సులో, బైక్ మీద, వంద కిలోమీటర్ల వేగంలో కార్లో అయితే గరగర తెలియకపోవచ్చు. మంచి స్పీకర్లున్న ఇంట్లో నాలాంటి చాదస్తుడికైతే ఆ సీడీ వద్దు. పైగా నాకు నలభై దాటాయి, సన్న శబ్దాలు చెవులకి అంతగా అందట్లేదు. ఇంకో పదేళ్లకి నాకూ ఇది బాగానే వినపడుతుందేమో.

మొన్న ఆ సీడీ వింటుంటే మా పద్నాలుగేళ్లవాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. “బాగానే ఉందిగా నాన్నా, ఏంటి నీ బాధ?” అన్నాడు. ఆగరా అని గేమ్ కాపీ వెతికి తీసి పెట్టా. నలభై సెకన్లు విన్నాడు.

“ఇందులో సౌండ్ తక్కువుంది” అన్నాడు.

“పెంచుకోరా” అన్నాను.