ఆర్‌సీ బగ్గీలో మోటారు వెనక ఉంటే మేలా, మధ్యలో ఉంటే మేలా?

అసలు కారులో పదో వంతు సైజుండి, వెనక రెండు చక్రాలకే మోటారు బలం అందే (టూ-వీల్ డ్రైవ్) ఆర్‌సీ బగ్గీని, అంటే రిమోట్‌తో నడిపే బండిని, రేసుకు తయారుచేసుకునేవాళ్లకు మొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే: మోటారును వెనక ఇరుసుకు అవతల ఉంచాలా, ఇరుసు ముందుకు, అంటే బండి మధ్యకు తేవాలా? నేలను చూడకుండా దీనికి జవాబు చెప్పకూడదు. మన మొరం గ్రౌండ్లలో, పైన దుమ్ము పరుచుకున్న ఎండు నేల మీద నడిపేవాళ్లకు వెనక మోటారే మేలు. కార్పెట్, ఆస్ట్రో టర్ఫ్, నీళ్లు చల్లి గట్టిపరిచిన బంకమట్టి ట్రాకు అయితే మధ్య మోటారుకే వెళ్లాలి.

1984లో టీమ్ అసోసియేటెడ్ కంపెనీకి రోజర్ కర్టిస్ రూపొందించిన ఆర్‌సీ10 బగ్గీలో మోటారు వెనకే ఉంటుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు రేసు బగ్గీలు అదే దారిలో నడిచాయి. పట్టు ఎక్కువున్న ట్రాకులు పెరిగేకొద్దీ మధ్య మోటారు పైకొచ్చింది. 2013లో టీమ్ అసోసియేటెడ్ బీ5 పేరుతో వెనక మోటారు బండిని, బీ5ఎం పేరుతో మధ్య మోటారు బండిని రెండిటినీ తెచ్చింది. రెండిటికీ గిరాకీ ఉండేలా అప్పటి ట్రాకులు ఉన్నాయి మరి.

తేడా ఎంతో లెక్క వేద్దాం. బండి బరువు 1,500 గ్రాములు, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 280 మిల్లీమీటర్లు, మోటారు 180 గ్రాములు అనుకోండి. వెనక మోటారు బండిలో అది ఇరుసుకు 40 మిల్లీమీటర్లు వెనక, మధ్య మోటారు బండిలో 40 మిల్లీమీటర్లు ముందు ఉంటుంది. అంటే 80 మిల్లీమీటర్లు జరిగింది. 180ని 80తో గుణించి 280తో భాగిస్తే 51 గ్రాములు. వెనక చక్రాల మీద ఇదివరకు 960 గ్రాములుంటే ఇప్పుడు 909కి దిగింది. 64 శాతం కాస్తా 60.6 అయింది. వినడానికి చిన్నదే. కానీ దుమ్ములో టైరుకు దొరికే పట్టంతా ఆ బరువు మీదే ఆధారపడుతుంది. పోయిన 51 గ్రాముల్ని తిరిగి తేవాలంటే 220 గ్రాముల షార్టీ (పొట్టి రకం) బ్యాటరీని 65 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. అక్కడ ఇప్పుడు మోటారు కూర్చుంది, చోటెక్కడిది?

దుమ్ములో మధ్య మోటారు బండి మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే చక్రాలు ఊరికే తిరుగుతాయి, తోక పక్కకు కొడుతుంది. చాలామంది స్లిప్పర్ క్లచ్ (దెబ్బ తగిలినప్పుడు కాస్త జారి గేర్లను కాపాడే భాగం) ఎక్కువ జారుతోందనుకుని దాన్ని బిగిస్తారు. బిగించినా పట్టు రాదు. పైగా జంప్ మీంచి దిగేటప్పటి దెబ్బ నేరుగా గేర్‌బాక్స్‌లోకి వెళ్లి ఐడ్లర్ గేరు (మధ్య గేరు) పళ్లు ఊడిపోతాయి.

వెనక మోటారుకూ లోపాలున్నాయి. పట్టున్న నేల మీద ఇరుసు అవతలి బరువు గడియారం లోలకంలా ఊగుతుంది. వేగంగా ఎడమ-కుడి తిప్పితే తోక ఆలస్యంగా వచ్చి ఒక్కసారిగా విసురుతుంది. ముందు చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి యాక్సిలరేటర్ మీద ఉండగా ముక్కు తిరగదు. బండి వెనక్కి పల్టీ కొడితే దెబ్బ మోటారుకే. మధ్య మోటారు భద్రంగా ఉంటుంది గానీ బాడీ కింద గాలాడదు. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో 30 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టుకోవడం మంచిది. ఐదు నిమిషాలు నడిపాక మోటారు డబ్బా మీద వేడి 75 డిగ్రీలు దాటితే పినియన్‌లో (మోటారుకు తగిలించే చిన్న గేరు) ఒక పన్ను తగ్గించండి.

ఉన్న వెనక మోటారు బండినే మధ్య మోటారుకు మార్చుకోవాలంటే టీమ్ లోసీ 22 లాంటి రెండు విధాలా బిగించే కిట్ ఉన్నవాళ్లకే సుళువు. గేర్‌బాక్స్‌ను ముందుకు తిప్పి బిగిస్తే బండి వెనక్కి నడుస్తుంది. సెన్సర్ ఉన్న బ్రష్‌లెస్ మోటారైతే వైర్లు మార్చకండి, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం) సెట్టింగులోనే దిశ మార్చండి. గేర్ల సంఖ్య కూడా చూసుకోవాలి. మూడు గేర్ల పెట్టెలో మోటారు చక్రాలకు ఎదురు దిశలో తిరుగుతుంది, అందుకని వేగం అందుకునేటప్పుడు తోక కుంగడం తగ్గుతుంది. నాలుగో గేరు చేరిస్తే మోటారు, చక్రాలు ఒకే దిక్కుకు తిరిగి తోకను నేలకు నొక్కుతాయి. పట్టు అంతంతమాత్రమైన నేల మీద మధ్య మోటారే కావాలని పట్టుబట్టేవాళ్లు నాలుగు గేర్ల పెట్టె తీసుకోవాలి.

మొరం మీద నడిపేవాళ్లు ఆ కిట్ డబ్బుల్ని వెనక మోటారు బండిలోనే పెట్టండి. అన్నిటికంటే ముందు టైర్లు: వదులు మట్టికి పొడవు పిన్నులవి, మెత్తటి రబ్బరువి. ముందు షాకుల్లో 35, వెనక 30 వెయిట్ ఆయిల్‌తో (అంకె పెరిగేకొద్దీ నూనె చిక్కన) మొదలుపెట్టండి. నూనె వేడికి పలచబడుతుంది కాబట్టి మే నెలలో రెండిటికీ ఐదేసి పెంచాలి. ముక్కు తిరగకపోతే స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) దగ్గర 15 నుంచి 20 గ్రాముల ఇత్తడి బిళ్ల, అది చాలకపోతే బ్యాటరీ 15 మిల్లీమీటర్లు ముందుకు; దానితో ముందుకు మరో 12 గ్రాములు వస్తాయి. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. డిఫ్ (మలుపుల్లో రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్) చిన్న సంగతి: దుమ్ముకు బాల్ డిఫ్ నయం, పట్టున్న ట్రాకుకు గేర్ డిఫ్.

పినియన్ బిగించేటప్పుడు దానికీ, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకూ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి, నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించి, గేరు తిప్పి కాగితం లాగేయండి. గేర్ కవర్ లేకుండా మొరం మీదికి వెళ్తే రాయి ఇరుక్కుని స్పర్ పోతుంది.

ఏ మార్పు చేసినా బ్యాటరీ, బాడీతో సహా బండిని రెండు వంటింటి డిజిటల్ కాటాల మీద నిలబెట్టండి, ముందు చక్రాలు ఒకదాని మీద, వెనకవి రెండోదాని మీద. ఎత్తు సమానంగా ఉండాలి. వెనక అంకెను మొత్తంతో భాగిస్తే మొరానికి 62 నుంచి 65 శాతం మధ్య రావాలి. 62 కంటే తక్కువ వస్తే, ముందు పెట్టిన ఇత్తడి బిళ్ల తీసేసి మళ్లీ తూచండి.