టెక్సస్‌లో ఓటు: మెయిలా, ఎర్లీయా, ఎలక్షన్ డేనా? మా ఇంట్లో మూడూ చూశాం

టెక్సస్‌లో ఉంటూ, నడిచి లైన్లో నిలబడే ఓపిక ఉన్నవాళ్ళెవరైనా సరే, ఎర్లీ ఓటింగ్‌కి, అంటే ఎన్నిక రోజుకి ముందే సెంటర్‌కి వెళ్ళి ఓటేయడానికి, వెళ్ళండి. అదీ మొదటి వారంలోనే వెళ్ళండి. లైన్ చిన్నదనో పార్కింగ్ దొరుకుతుందనో కాదు నేను చెప్పేది. ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి చేతిలో రోజులు మిగులుతాయి. మిగతా రెండు పద్ధతుల్లో అంత వెసులుబాటు ఉండదు.

2024 నవంబర్ 5 ఎన్నికలో మా ఇంట్లో నలుగురం ఓటేశాం. మాది ప్లేనో, కాలిన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అత్తయ్య మెయిల్‌లో, అంటే పోస్టులో వేశారు, నేనూ మామయ్యగారూ ఎర్లీ ఓటింగ్‌కి వెళ్ళాం, మా వారు ఆఖరి రోజు సాయంత్రం వేశారు. ఎవరికి వేశామన్నది మా ఇంటి సంగతి. ఎలా వేశామన్నది మాత్రం కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మెయిల్ సంగతి. కాలిఫోర్నియాలో ఉండే మా చెల్లెలికి అడక్కుండానే బ్యాలెట్ ఇంటికొస్తుంది, అక్కడ నమోదైన ఓటర్లందరికీ పంపిస్తారు. అది చూసి ఇక్కడ కూడా అంతే అనుకుంటారు. టెక్సస్‌లో మెయిల్ బ్యాలెట్ కావాలంటే కారణం ఉండాలి. 65 ఏళ్ళు నిండి ఉండాలి, లేదా అనారోగ్యమో వైకల్యమో ఉండాలి, లేదా ఎన్నిక రోజుకి అటూ ఇటూ మూడు వారాల్లో కాన్పు ఉండాలి, లేదా ఎర్లీ ఓటింగ్ రోజులతో పాటు ఎలక్షన్ డే నాడు కూడా కౌంటీలో లేకుండా ఉండాలి. ముఖ్యంగా ఇవే. మా వారు కన్సల్టెంట్, సోమవారం ఫ్లైట్ ఎక్కితే గురువారం రాత్రి దిగుతారు. వారం వారం ఊళ్ళో ఉండరు కదా, మెయిల్ పెట్టుకోవచ్చుగా అని స్నేహితులు సలహా ఇచ్చారు. కుదరదు. శనాదివారాలు ఇంట్లోనే ఉంటారు, అప్పుడు ఎర్లీ ఓటింగ్ తెరిచే ఉంటుంది.

అత్తయ్యకి 72 ఏళ్ళు, మోకాలి ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదు. అందుకని మెయిల్‌కే అప్లై చేశాం. ఆ ఫారం ప్రింట్ తీసుకుని పెన్నుతో సంతకం చేసి పంపాలి. ఎన్నికకి 11 రోజుల ముందుకల్లా కౌంటీ ఆఫీసుకి చేరాలి, ఆ ఏడాది అది అక్టోబర్ 25. మనం పోస్టులో వేసిన తేదీ కాదు, వాళ్ళ చేతికి అందిన తేదీ లెక్క. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

రెండో ముఖ్యమైన సంగతి నంబర్లు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం అప్లికేషన్ మీదా, ఓటు పంపే కవర్ మీదా డ్రైవర్ లైసెన్స్ లేదా స్టేట్ ఐడీ నంబరు గానీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు గానీ రాయాలి. అది మన ఓటరు రికార్డులో ఉన్న నంబరుతో సరిపోవాలి. ఓటరుగా నమోదైనప్పుడు ఏ నంబరు ఇచ్చామో ఎవరికి గుర్తుంటుంది? అందుకే రెండూ రాసేయండి. ఈ చట్టం వచ్చాక జరిగిన మొదటి పెద్ద ఎన్నిక 2022 మార్చి ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక. అందులో 24 వేలకి పైగా మెయిల్ ఓట్లు తిరస్కరించారు, అంటే వచ్చినవాటిలో దాదాపు 12 శాతం. ఎక్కువ భాగం ఈ నంబర్ల వల్లే. పెద్దవయసు వాళ్ళు కష్టపడి నింపి పంపిన ఓట్లు అలా పోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్యాకెట్ వచ్చాక డైనింగ్ టేబుల్ మీద అన్నీ పరిచాం. బ్యాలెట్ కాగితం, దాన్ని పెట్టే లోపలి కవర్, ఆ కవర్‌ని పెట్టే బయటి కవర్. నంబర్లు రాయాల్సిన గడి బయటి కవర్ మూత కింద ఉంటుంది. మూత అంటించేస్తే ఇక కనపడదు. అందుకని ముందు నంబర్లు రాసి, తర్వాతే అంటించి, పైన సంతకం పెట్టాలి. అత్తయ్య తెలుగులో సంతకం చేస్తారు. "ఇంగ్లీషులో పెట్టమంటావా అమ్మాయ్?" అని అడిగారు. అప్లికేషన్ మీద తెలుగులో పెట్టారు కాబట్టి ఇక్కడా అదే పెట్టమన్నాను. ఆ రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. ఏ భాషలో పెట్టారన్నది కాదు, రెండూ ఒకేలా ఉండాలి. నేను పక్కన కూర్చుని చదివి వినిపించాను గనక నా పేరు, అడ్రసు, ఆవిడకి నేనేమవుతానో కవర్ మీద రాసి నేనూ సంతకం పెట్టాను. సాయం చేసిన మనిషి అలా రాయడం తప్పనిసరి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి పిల్లలే నింపిపెడతారు కదా, ఇది మర్చిపోకండి.

కవర్ పంపాక అసలు టెన్షన్ మొదలైంది. రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్లో బ్యాలెట్ ట్రాకర్ ఉంది, కవర్ అందిందో లేదో అందులో చూసుకోవచ్చు. రోజూ పొద్దున్నే చూడటం, అందినట్టు లేకపోవడం. దగ్గర్లో డ్రాప్ బాక్సులో వేసి ఉంటే పోయేది కదా అంటే, టెక్సస్‌లో డ్రాప్ బాక్సులు లేవు. చేత్తో ఇవ్వాలంటే ఓటరే స్వయంగా, ఐడీ పట్టుకుని, ఎలక్షన్ డే నాడే కౌంటీ ఎన్నికల ఆఫీసుకి వెళ్ళాలి. మనం తీసుకెళ్ళి ఇస్తామంటే తీసుకోరు. పోస్టులో వేసింది ఎన్నిక రోజు సాయంత్రం 7 గంటల లోపు ముద్ర పడి, మర్నాడు సాయంత్రం 5 లోపు చేరితే లెక్కలోకి వస్తుంది. చివరికి అత్తయ్య కవర్ అందింది, ఓటు అంగీకరించారు కూడా. ఆ మాట స్క్రీన్ మీద కనపడేదాకా ఆవిడ మనసు మనసులో లేదు. నడవలేని వాళ్ళకి మెయిల్ నిజంగా వరమే. అయితే బ్యాలెట్ చేతికొచ్చిన రోజే నింపి పంపేయాలి.

ఇక ఎర్లీ ఓటింగ్. 2024లో అక్టోబర్ 21 నుంచి నవంబర్ 1 దాకా పెట్టారు. ఆ రోజుల్లో మన కౌంటీలో ఏ ఎర్లీ ఓటింగ్ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు. ఇంటి దగ్గరే అక్కర్లేదు, ఆఫీసు పక్కనో పిల్లల స్కూలు పక్కనో ఉన్నా సరే. ఒక్కటి గమనించండి: కౌంటీ మాత్రం మనదే అయి ఉండాలి. ఫ్రిస్కోలో ఉండేవాళ్ళు జాగ్రత్త, ఆ ఊరు సగం కాలిన్ కౌంటీలోనూ సగం డెంటన్ కౌంటీలోనూ ఉంది. పక్క వీధిలో ఉన్న స్నేహితురాలు వేసిన చోట మీకు చెల్లకపోవచ్చు.

మొదటి రోజు లైబ్రరీ ముందు నుంచి వెళ్తూ చూస్తే లైను బయటికొచ్చి పార్కింగ్ దాకా సాగింది. అదే వారం గురువారం మధ్యాహ్నం వెళితే లోపల కొద్దిమందే ఉన్నారు. మామయ్యగారి వంతు వచ్చింది. ఓటరు జాబితాలో ఆయన పేరు పూర్తిగా ఉంది, లైసెన్స్ మీద మాత్రం మధ్య పేరు సగంలో తెగిపోయింది. మన పేర్లతో ఇది మామూలే. ఇంటిపేరు ముందో వెనకో, రెండు పేర్లు కలిపో విడదీసో, ఒక్కో కార్డు మీద ఒక్కోలా ఉంటాయి. టేబుల్ దగ్గరున్న పెద్దావిడ లైసెన్స్ వంక, స్క్రీన్ వంక మార్చి మార్చి చూస్తుంటే మామయ్యగారు నావైపు తిరిగి "ఏమ్మా, వెనక్కి పంపేస్తారా?" అన్నారు. ఆవిడ నవ్వి, ఒక గడి చూపించి అక్కడ పొట్టి సంతకం చేయమంది. పేర్లు దాదాపు ఒకేలా ఉంటే, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అలా ధ్రువీకరించి మామూలుగానే ఓటేయొచ్చు. ఆ రూల్ తెలియక కొందరు ఇంటికి తిరిగొచ్చేస్తారు. రావద్దు, అడగండి. ఒకవేళ ఐడీలోనే నిజంగా ఏదైనా సమస్య ఉండి ఉంటే? మాకు ఇంకా వారం పైన ఉంది. ఇంటికెళ్ళి పాస్‌పోర్ట్ తెచ్చుకునేవాళ్ళం. ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా ఐడీగా చెల్లుతుంది, దానికి గడువు గొడవ లేదు.

బ్యాలెట్ చాలా పొడుగు. అధ్యక్షుడితో మొదలై సెనేట్, కాంగ్రెస్, రైల్‌రోడ్ కమిషనర్, సుప్రీం కోర్టు నుంచి జిల్లా కోర్టు దాకా జడ్జీలు, షెరీఫ్. రైల్‌రోడ్ కమిషనర్ అంటే రైళ్ళు చూసే మనిషి అనుకుని వదిలేయకండి, టెక్సస్‌లో చమురు, గ్యాస్ పరిశ్రమని నియంత్రించేది ఆ కమిషనే. ఒకే నొక్కుతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతిని 2020 నుంచి తీసేశారు, ఒక్కోటీ విడిగా ఎంచుకోవాల్సిందే. లోపల ఫోన్ వాడనివ్వరు, బూత్‌కి వంద అడుగుల లోపల నిషేధం. అందుకని కౌంటీ వెబ్‌సైట్ నుంచి శాంపుల్ బ్యాలెట్ ప్రింట్ తీసి ఇంట్లోనే టిక్కులు పెట్టుకుని ఆ కాగితం పట్టుకెళ్ళాం. అభ్యర్థి పేరున్న టీషర్టు, టోపీ వేసుకెళ్ళినా ఆపేస్తారు. 2024లో మా కౌంటీలో స్క్రీన్ మీద ఎంచుకున్నాక మన ఎంపికలు కాగితం మీద ప్రింటయ్యేవి. ఆ కాగితాన్ని ఒకసారి పైనుంచి కిందికి చదువుకుని అప్పుడు స్కానర్‌లో వేయండి. మామయ్యగారు ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివారు, వెనక ఎవరూ తొందరపెట్టలేదు. ఖాళీగా ఉండే వేళకి వెళ్ళడంలో సుఖం అది. ఎర్లీ ఓటింగ్‌కి నేను అయిదుకి అయిదు స్టార్లూ ఇస్తాను.

నేనొక్కదాన్నే అనడం కాదు. ఆ ఎన్నికలో టెక్సస్‌లో 1 కోటి 13 లక్షల మందికి పైగా ఓటేస్తే, అందులో దాదాపు 90 లక్షల మంది ఎలక్షన్ డేకి ముందే వేసేశారు.

ఎలక్షన్ డే దగ్గరికి వస్తే, మన దగ్గర పోలింగ్ అంటే సెలవు. 2024 మే 13న ఓటేయడానికి హైదరాబాద్‌లో ఉన్న మా బంధువులు ముందురోజు రాత్రి బస్సెక్కి ఒంగోలు వెళ్ళారు. ఇక్కడ అది మంగళవారం, అందరికీ ఆఫీసు ఉంటుంది. పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 7. ఆ మధ్యలో పనివేళలు కాకుండా వరసగా రెండు గంటలు ఖాళీ దొరక్కపోతే, ఓటేయడానికి జీతం కోయకుండా టైమివ్వాలని టెక్సస్ చట్టం ఉంది. మొహమాటపడకుండా మేనేజర్‌ని అడగొచ్చు. ఎర్లీ ఓటింగ్ మధ్యలో వచ్చిన శనాదివారాల్లో మా వారు ఏవో పనుల్లో పడి వెళ్ళలేదు. ఆ మంగళవారం ఫ్లైట్ ఆలస్యమై, సూట్‌కేసు కార్లోనే ఉంచి, 7 అవ్వడానికి కాస్త ముందు లైన్లోకి చేరారు. 7కి సిబ్బందిలో ఒకాయన వచ్చి చివరి మనిషి వెనక నిలబడ్డాడట. అప్పటికే లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఓటేసే హక్కుంది, ఎంత రాత్రయినా సరే, లైను వదిలి మాత్రం రాకూడదు. ఓటు పడింది. ఆయన ఫోన్ చేసేదాకా ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. ఫ్లైట్ ఇంకో అరగంట ఆలస్యమైతే ఎవరూ ఏమీ చేయగలిగేవాళ్ళు కాదు. ఇంకోటి, కాలిన్ కౌంటీలో ఆ రోజు కూడా ఏ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు గానీ కొన్ని కౌంటీల్లో మనకి కేటాయించిన చోటికే వెళ్ళాలి.

అయితే ప్రైమరీల్లో మాత్రం నేను ఇంత తొందరపడమని చెప్పను. 2020లో టెక్సస్ ప్రైమరీ మార్చి 3న. పీట్ బుటిజెజ్ మార్చి 1న, ఎమీ క్లోబుషార్ మార్చి 2న డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నారు. అప్పటికి ఎర్లీ ఓటింగ్ అయిపోయింది. ముందే వాళ్ళకి వేసినవాళ్ళకి మార్చుకునే దారి లేదు. అందుకని అభ్యర్థులు ఎక్కువమంది ఉన్న ప్రైమరీ అయితే ఎర్లీ ఓటింగ్ చివరి రోజుల దాకానో, ఎలక్షన్ డే దాకానో ఆగడం న్యాయమే. నవంబర్ ఎన్నికలో ఆ బాధ లేదు.

కొత్తగా సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళకి ఒక మాట. ఎన్నికకి 30 రోజుల ముందే ఓటరుగా నమోదవ్వాలి. టెక్సస్‌లో మామూలుగా అది ఆన్‌లైన్‌లో అయ్యే పని కాదు, ఫారం నింపి సంతకం చేసి పంపాలి.

అత్తయ్య ఈసారి "నేనూ మీతోనే వస్తాను, ఆ కవర్ల గోల నావల్ల కాదు" అంటున్నారు. లోపలికి నడవలేకపోతే కారు దగ్గరికే బ్యాలెట్ తెచ్చిచ్చే కర్బ్‌సైడ్ ఓటింగ్ ఉంది, ఆవిడని అలా తీసుకెళ్దామనుకుంటున్నాం. మెయిల్ బ్యాలెట్‌కి అప్లై చేసి తర్వాత మనసు మార్చుకుంటే ఆ బ్యాలెట్ కూడా తీసుకెళ్ళి అక్కడ అప్పగించాలి, లేకపోతే ప్రొవిజనల్ ఓటే, అంటే తర్వాత పరిశీలించాకే లెక్కపెట్టే ఓటే ఇస్తారు. మా అప్లికేషన్ ఆ ఏడాదితోనే ముగిసింది, మళ్ళీ పెట్టలేదు కాబట్టి ఆవిడకి ఆ చిక్కు కూడా లేదు.