పాత పద్మిని కారుకు ఎంత పెట్టొచ్చు? ఏళ్ల తరబడి నడిపాక నా లెక్క

పాత కారు చూడ్డానికి వెళ్లినవాళ్లంతా ముందు బానెట్ ఎత్తమంటారు. అమ్మేవాడికి కావాల్సిందీ అదే. ఇంజిన్ని డీజిల్‌తో కడిగి, ట్యాపెట్ కవరుకు వెండి రంగు కొట్టి, సెల్ఫ్ ఒక్క దెబ్బకు అందుకునేలా కొత్త బ్యాటరీ పెట్టి సిద్ధంగా ఉంచుతాడు. నా మాట వింటే ఆ ముచ్చట చివర్లో చూసుకోండి. ముందు నేల మీద చతికిలబడి కారు కిందకి తొంగి చూడండి. ధర అక్కడ తేలుతుంది.

నాది 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని. పెట్రోలు బండి, హ్యాండ్ గేరు, ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. విజయవాడలోనే కొన్నాను, ఇక్కడే నడుపుతున్నాను. కొన్న ధరకు రెట్టింపు పైనే ఇప్పటిదాకా దాని మీద పోశాను. అమ్మే ఉద్దేశం మాత్రం లేదు. నన్ను సలహా అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఫలానా బండి ఇంత చెబుతున్నారు, ఇవ్వొచ్చా?" ఇదంతా దానికి జవాబు.

బండి గురించి రెండు ముక్కలు. మూలం ఇటలీ ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టారు, 1974లో పద్మిని అయింది. కొత్త శతాబ్దం వచ్చేదాకా దాదాపు అదే బండి. 1089 సీసీ ఇంజిన్, నలభై హార్స్‌పవర్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. అన్నేళ్లు మార్చకుండా అమ్మారని అప్పట్లో జనం తిట్టుకున్నారు కానీ, ఇవాళ మనకు కలిసొచ్చింది అదే. డెబ్బైల బండికి సరిపోయే గాస్కెట్టు తొంభైల బండికీ సరిపోతుంది. పైగా బొంబాయిలో 2023 అక్టోబరు దాకా పద్మిని టాక్సీలు తిరిగాయి కాబట్టి పాయింట్లు, కండెన్సర్, బ్రేకు రబ్బర్లు, క్లచ్ ప్లేటు లాంటివి తయారవుతూనే వచ్చాయి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ ఇక్కడ ఆటోనగర్‌లో గానీ నాలుగు షాపులు తిరిగితే దొరుకుతాయి. దొరకనివి బయట కనిపించే సామాన్లు. వెనక లైటు గ్లాసు, గ్రిల్లు, తలుపు హ్యాండిల్, నికెల్ బీడింగులు. అవి సరిగ్గా ఉన్న బండికి పాతిక వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. విడిగా వెతికి తెచ్చుకుంటే అంతకంటే ఎక్కువే అవుతుంది, వెతుకులాట అదనం.

ఇక అసలు సంగతి, రేకు. జీపుకీ మారుతి జిప్సీకీ కింద బరువు మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, వేరుగా ఉంటుంది, పైన బాడీ ఎంత పాడైనా బండి నిలబడుతుంది. పద్మినికి ఆ ఛాసిస్ లేదు, రేకే దాని ఎముక. తలుపుల కింద పొడుగ్గా పోయే సిల్లులు, కాళ్ల కింద ఫ్లోరు, హెడ్‌లైటు వెనక మడ్‌గార్డు లోపలి అంచు, బ్యాటరీ ట్రే, డిక్కీలో స్టెప్నీ చుట్టుపక్కల. తుప్పు పట్టేది ఇక్కడే. ముందద్దం రబ్బరు ఎండిపోతే వాన నీళ్లు చప్పుడు లేకుండా లోపలికి దిగి ఫ్లోరు మ్యాటు కింద నిలుస్తాయి. అందుకే మ్యాట్లు ఎత్తి చూడాలి. కొత్త మ్యాట్లు వేసి ఉంటే తప్పకుండా ఎత్తాలి.

ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. సిల్లు పొడవునా జరుపుతూ పోతే రేకున్న చోట టక్కున అంటుకుంటుంది, పుట్టీ ఉన్న చోట జారి కింద పడుతుంది. ఏలూరు దగ్గర ఒక తెల్ల బండి చూశాను. పెయింటు అద్దంలా ఉంది. వెనక చక్రానికి ముందు జానెడు మేర అయస్కాంతం నిలవలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే పుట్టీ పెచ్చుగా లేచి వచ్చింది. లోపల కన్నాన్ని పూడ్చడానికి కుక్కిన న్యూస్‌పేపరు ఉండ. విప్పి చూస్తే పెళ్లి సంబంధాల పేజీ. అమ్మేవాయన ఆకాశంలోకి చూశాడు. నేను ధర అడగడం మానేసి మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాను.

అదే తీరులో బండి ఎక్కడ పెరిగిందో కూడా అడగండి. కాకినాడ, బందరు, విశాఖ బండ్లు ఉప్పుగాలి తిన్నవి. అనంతపురం, కర్నూలు వైపు ఎండిపోయిన పెయింటుతో, పగిలిన డ్యాష్‌బోర్డుతో చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉండే బండ్లు కింద మాత్రం గట్టిగా ఉంటాయి. నేనైతే కోస్తాలో మెరిసే బండి కంటే సీమలో వెలిసిన బండికే ఎక్కువ ఇస్తాను. లెక్క తేలికే. రీబోరు, పిస్టన్లు, బేరింగులు, లేత్ పనితో సహా ఇంజిన్ మొత్తం ఓవరాలింగ్ చేయించినా, రెండు సిల్లులూ ఫ్లోరూ కోసి కొత్త రేకు వేయించి పెయింటు కొట్టించే ఖర్చులో సగం కాదు. మా ఆటోనగర్ మెకానిక్ పెద్దాయన మొదటి రోజే చెప్పారు: "ఇంజిన్‌దేముంది సార్, వారంలో దించి ఎక్కిస్తాను. రేకు పోయిన బండి తెచ్చి మాత్రం నన్నడక్కండి."

రేకు తర్వాత కాగితాలు. పాత బండ్ల బేరాల్లో ఎక్కువ మంది మునిగేది ఇక్కడే అనుకుంటాను. నంబరు ఆన్‌లైన్‌లో కొడితే వివరాలు రావాలి. పాత ఆర్సీ పుస్తకం చేతిలో ఉన్నా కంప్యూటర్‌లోకి ఎక్కని బండికి ఇన్సూరెన్సు చేయించడం, పేరు మార్పించడం, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోవడం అన్నీ తలనొప్పే. బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత పుస్తకంలోని వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చేయించే బాధ్యత అమ్మేవాడిదే అని బేరంలోనే తేల్చుకోండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోతున్నాయో లేదో చీకట్లో కాకుండా పగటి వెలుగులో గుడ్డతో తుడిచి చదవండి. ఎనభైల్లో, తొంభైల్లో పెట్రోలు ఇంజిన్ తీసేసి ఏదో ఒక డీజిల్ ఇంజిన్ ఎక్కించిన పద్మినులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఆర్సీలో ఇప్పటికీ పెట్రోలు అనే ఉంటుంది.

నా బండి మీద మొదటి ఓనరు కాలం నాటి ఫైనాన్సు ఎంట్రీ అలాగే ఉండిపోయింది. ఆ కంపెనీ ఎప్పుడో బోర్డు తిప్పేసింది. అప్పు తీరిందని చెప్పడానికి మనిషే లేడు. అది చూపించే బేరం దించాను. కానీ ఆ ఎంట్రీ తీయించడానికి అఫిడవిట్లు, ప్రకటనలు, ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు చూస్తే, దించిన డబ్బుకు సమానంగా అరిగిపోయాయి నా చెప్పులు. ఢిల్లీ బండ్ల సంగతీ ఇంతే. అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షల వల్ల పాత బండ్లు చౌకగా మన వైపు వచ్చాయి. అక్కడి నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ టాక్సు కట్టి, కొత్త నంబరు పడేదాకా ఆ చౌక చౌక కాదు.

పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. కారుకు ఒకప్పుడు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ టాక్సు వేరే. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు కదా అంటారు కొందరు. ఉంది, ఫీజు 20,000, నంబరులో 'వీఏ' వస్తుంది. కానీ ఆ నంబరుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ వెళ్లొచ్చు, పెట్రోలు కొట్టించుకోవచ్చు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. రోజూ రైతుబజారుకు వెళ్తానంటే కుదరదు. వాడుకోవడానికి కొనేవాళ్లకు మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న బండే మేలు, కాబట్టి 'వింటేజ్' అనే మాటకు అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు.

నడపడం ఎలా ఉంటుంది? అరవై, డెబ్బై మధ్య హాయి. ఎనభై దాటితే ఇంజిన్ మన మాట మనకు వినపడనివ్వదు. లీటరుకు పన్నెండు ఇస్తే సంతోషించాలి. సీటు ఎత్తు, తలుపు వెడల్పు మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు భలే నచ్చాయి. కొత్త కార్లలోకి ఆవిడ దిగి కూర్చోవాలి, దీన్లోకి నడిచి ఎక్కుతుంది. ముందు తలుపులో ఉండే చిన్న తిప్పుడు అద్దం సరిగ్గా తిప్పితే గాలి నేరుగా మొహానికి కొడుతుంది. ఏసీ లేని లోటు మార్చి దాకా తెలియదు.

ఏప్రిల్ వచ్చాక తెలుస్తుంది. మనకే కాదు, బండికి కూడా. బెంజ్ సర్కిల్ దగ్గర మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగితే ఇంజిన్ పక్కనే ఉన్న పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరైపోయి, కార్బరేటర్‌కు చుక్క అందదు. బండి దగ్గి ఆగిపోతుంది. వెనక ఆటోవాళ్ల హారన్లు మొదలవుతాయి. దిగి బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద కప్పి, ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. ఒక గుడ్డ, నీళ్ల సీసా నా డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. వర్షాకాలంలో ఇంకో తద్దినం. నిలిచిన నీళ్లలోంచి బయటపడ్డాక డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టదు, కొన్నిసార్లు ఒక పక్కకు లాగుతుంది. మెల్లగా పోతూ నాలుగైదు సార్లు తొక్కి ఆరబెట్టుకోవాలి. ఈ బ్రేకులతో, ఎయిర్‌బ్యాగులు లేని ఈ డొక్కుతో రాత్రిపూట హైవే మీద లారీల మధ్య కుటుంబాన్ని తీసుకెళ్లను. ఇందులో మొహమాటం లేదు.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు వచ్చాక ఒక ఖర్చు పెరిగింది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పంపు డయాఫ్రం, కార్బరేటర్ కిట్టు, పెట్రోలు హోసులు అన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించాల్సి వచ్చింది. పెద్ద ఖర్చు కాదు గానీ, వేడి ఇంజిన్ పక్కన కారే హోసు అంటే ప్రాణాలతో చెలగాటం. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకపోవడం ఇంకా మంచిది. అసలు పాత బండి నడిస్తేనే బాగుంటుంది. షెడ్డులో కవరు కప్పి ఉంచిన బండికి ఎక్కువ ధర చెబుతారు, నేనైతే తక్కువ ఇస్తాను. వీల్ సిలిండర్లు పట్టేసి, రబ్బర్లు గట్టిపడి, ట్యాంకులో తుప్పు పొడి చేరి ఉంటుంది.

ఇప్పుడు ఓపెన్ టాప్ మోజు. తక్కువ ధరలో కన్వర్టిబుల్ కావాలనే కుర్రాళ్లకు టాపు కోసిన పద్మినులు చూపిస్తున్నారు. పెళ్లి ఊరేగింపుల కోసం కోసినవి ఎక్కువ. చూడ్డానికి సినిమా బండిలా ఉంటాయి. పైన చెప్పాను కదా, దీనికి రేకే ఆధారం, అందులో పైకప్పుది పెద్ద బాధ్యత. పరీక్ష చాలా తేలిక. జాకీతో ఒక పక్క కాస్త లేపి, తలుపు తెరిచి మూయండి. గట్టి బండైతే ఎప్పటిలాగే పడుతుంది. కోసిన బండిలో తలుపు సందు మారిపోయి పట్టేస్తుంది, ఎందుకంటే బండి నడుము వంగింది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చనివ్వదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్సీలో సెలూన్, అంటే టాపున్న కారు, అని ఉండి బండికి టాపు లేకపోతే రెన్యువల్ రోజున ఏం చెబుతారు? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకు ఏం చెబుతారు?

మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కథ వేరు. దానికి ఛాసిస్ విడిగా ఉంది, పైకప్పు బోల్టులతో బిగించినది. కానీ సామాన్లకు దేవుణ్ని మొక్కుకోవాలి. మన దగ్గర సామాన్యుడి అసలైన ఓపెన్ టాప్ మారుతి జిప్సీ సాఫ్ట్ టాప్. 1985 చివర్లో 970 సీసీతో వచ్చింది, 1996లో 1.3 లీటర్ల ఇంజిన్ పెట్టారు, 2000లో కార్బరేటర్ బదులు పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ పద్ధతితో ఎనభై హార్స్‌పవర్ అయింది. మా బావమరిదికి ఒకటుంది, నేనూ చాలాసార్లు నడిపాను. నాలుగు వైపులా పట్టీ స్ప్రింగులే, గుంతలో పడితే పళ్లు కొట్టుకుంటాయి. లీటరుకు పది దాటదు. హుడ్డు గుడ్డ కుట్లు ఎక్కడ వదులైతే అక్కడ కారుతుంది. ఒకసారి జడివానలో నా భుజం మీద ధార పడుతుంటే, "బావా, అటు జరిగితే ఇంకా ఎక్కువ పడుతుంది, అక్కడే ఉండు" అన్నాడు. ఆటోనగర్‌లో జీపు హుడ్లు కుట్టేవాళ్లు రెండ్రోజుల్లో కొత్తది కుట్టి ఇస్తారు కాబట్టి హుడ్డు చిరిగిందని బండి వదులుకోనక్కర్లేదు. ఛాసిస్ వెల్డింగులు, ఫోర్‌వీల్ గేరు పడుతుందా లేదా అన్నవి చూడండి. మిలిటరీ వేలంలో వచ్చిన బండైతే విడుదల కాగితాల నుంచి నేటి ఓనరు దాకా గొలుసు తెగకుండా ఉండాలి.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీకీ మనకూ కుదిరిన ఒప్పందాన్ని బట్టే. ఫోటోలు, బిల్లులు, వాల్యుయర్ రిపోర్టు ఉంటే ఆ మాట గట్టిగా మాట్లాడొచ్చు. లేకపోతే థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవడమే.

ఇక ధర. నడిచే పద్మినికి నేను చూసినంతలో లక్ష నుంచి మూడు లక్షల దాకా చెబుతున్నారు. సిల్లులు గట్టిగా ఉండి, ఆర్సీ ఆన్‌లైన్‌లో ఉండి, నికెల్ సామాను పూర్తిగా ఉంటే, ఇంజిన్ పొగ కొడుతున్నా సరే రెండు దాకా ఇస్తాను. రేకు పోయి ఇంజిన్ కొత్తదైతే యాభై వేలకు మించి పెట్టను. మంచి జిప్సీ సాఫ్ట్ టాప్‌కు మంచి పద్మిని ధరకు రెట్టింపు అడుగుతారు, కొండలూ చేలూ తిరిగే పనుంటే ఆ ధర న్యాయమే. టాపు కోసిన పద్మిని ఉచితంగా వస్తే తీసుకుంటాను, వెనక లైటు గ్లాసులు రెండూ పగలకుండా ఉంటే.