టాటా ఎస్టేట్: ఇంటి షెడ్డులో బాగుచేసుకోవడానికి తగిన కారేనా?

పైకప్పు వెనక దాకా సాగే స్టేషన్ వ్యాగన్ రకం పాత కారు టాటా ఎస్టేట్‌ను ఇంట్లోనే పెట్టుకుని పూర్వరూపానికి తేవాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ కారుకు ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, ముందు చక్రాల సరంజామా సంపాదించడం ఇప్పటికీ పెద్ద పని కాదు. దొరకనివల్లా వెనక అద్దాలు, వాటి చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు, తోక దీపాలు, పైకి లేచే వెనక తలుపు. కాబట్టి ఇంజను చప్పుడు విని మురిసిపోయి ఈ కారును కొనేవారు తరవాత చిక్కుల్లో పడతారు, వెనక భాగం నిక్షేపంగా ఉందో లేదో చూసి కొనేవారు గట్టెక్కుతారు. రోడ్డెక్కించడానికి ఒకటి, విప్పుకోవడానికి మరొకటి కొనే స్తోమతు, రెండింటినీ నిలిపే చోటు ఉంటేనే ఈ పనికి పూనుకోవడం మంచిది. అలా ఒక ఎస్టేట్‌ను నిలబెట్టుకున్న అనుభవంతో, దానికి ఏ స్క్రాప్ బండి ఎంతవరకు అక్కరకొచ్చిందో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ కారు పుట్టుక తెలిస్తే దాని సామాను ఎక్కడ వెతకాలో కూడా తెలిసిపోతుంది. అప్పట్లో టెల్కోగా పిలిచే టాటా సంస్థ 1980ల చివర్లో 207 టాటామొబైల్ పికప్‌ను విడుదల చేసింది. దాని ఆధారంగానే 1991లో సియెరా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో వచ్చాయి. నాలుగింటికీ అదే 1948 సీసీ డీజిలింజను. దాన్ని 483 అనడానికి కారణం నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 83 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) కావడమే; లారీల్లో వినిపించే 497, 697 పేర్ల లెక్క కూడా ఇదే. పవర్ స్టీరింగు, కరెంటుతో కదిలే అద్దాలు ఉన్న ఎస్టేట్ ఆ రోజుల్లో ఖరీదైన బండే అయినా, డిక్కీ విడిగా కనిపించని కారును మనవాళ్లు కారుగా ఒప్పుకోలేదు. పెళ్లికి వేసుకెళితే అంబులెన్సు వచ్చిందా అని అడిగేవారు. 2000 ప్రాంతానికి దాని తయారీ ఆగిపోయింది. తక్కువగా అమ్ముడుపోవడం వల్లనే ఈనాడు దాని సొంత భాగాలకు ఇంత కరువు.

స్క్రాప్ బండ్లలో మొదటి స్థానం నిస్సందేహంగా పాత సుమోదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో టాక్సీలుగా, కాంట్రాక్టర్ల బండ్లుగా, ప్రభుత్వ కార్యాలయాల అద్దె వాహనాలుగా తిరిగిన సుమోలకు లెక్కలేదు. సినిమాల్లో గాల్లోకి లేచి పేలిపోయినవి పోగా మిగిలినవి ఇంకా చాలానే ఉన్నాయి. ఎస్టేట్‌కు కావలసిన సిలిండర్ హెడ్డు, మైకో డీజిలు పంపు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు, ఐదు గేర్ల పెట్టె వంటివన్నీ తొలినాళ్ల సుమో నుంచి తీసుకోవచ్చు. ముందు చక్రాలను పట్టి ఉంచే విష్‌బోన్లు, ఆ చక్రాలు తిరిగే స్టబ్ యాక్సిళ్లు పక్కపక్కన పెట్టి కొలిచి చూసుకుని వేసుకోవాలి. వెనక ఇరుసు హౌసింగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లోపలి క్రౌన్, పినియన్ పళ్లచక్రాల నిష్పత్తి తేడాగా ఉన్నది వేస్తే స్పీడోమీటరు అబద్ధం చెప్పడమే కాక హైవే మీద ఇంజను అనవసరంగా గోల చేస్తుంది. దాన్ని విప్పకుండానే తెలుసుకోవచ్చు: వెనక చక్రాలు రెండూ పైకెత్తి స్టాండ్ల మీద నిలిపి, ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే ఆ నిష్పత్తి. షాఫ్టు మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే లెక్క తప్పదు.

పికప్ విషయంలో కొనేవారు మోసపోయే అవకాశం ఎక్కువ. పాత సామాను దుకాణంలో '207 ఇంజను ఉంది' అని చెప్పేవారు చాలాసార్లు చూపించేది తరవాత వచ్చిన 207 డీఐ ఇంజనును. అది మూడు లీటర్లకు దగ్గరగా ఉండే, నేరుగా సిలిండరులోకే డీజిలు చిమ్మే వేరే జాతి ఇంజను. మనకు కావలసిన పాత ఇంజనులో డీజిలు ముందు ఒక చిన్న గదిలో మండి, ఆ తరవాతే సిలిండరులోకి వస్తుంది. అందుకే చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు వేడెక్కకపోతే అది లేవదు. హెడ్డు మీద హీటర్ ప్లగ్గులు వరసగా ఉన్నాయో లేదో చూస్తే రెంటికీ తేడా అక్కడికక్కడే తేలిపోతుంది. అసలైన పాత పికప్ దొరికితే మాత్రం వదలకూడదు, ఎందుకంటే దాని ముందు భాగంలోనూ లోపలి మీటర్లలోనూ ఎస్టేట్‌కు సరిపోయేవి కొన్ని ఉంటాయి. కాకపోతే జీవితమంతా ఇటుకలు, సిమెంటు మోసిన బండి గనక దాని బుష్‌లు (కీళ్లలోని తొడుగులు), కమాన్ పట్టీలు (వెనక బరువు మోసే ఉక్కు పట్టీలు) సాధారణంగా పనికిరావు.

సియెరాను విడిభాగాల కోసం విప్పమని నేను ఎవరికీ చెప్పను. సామాను కలుస్తుంది, అది నిజం. అయితే దానికి ఇప్పుడు సొంత అభిమానులున్నారు. మూడు తలుపులతో, పైకి వంగిన పెద్ద పక్క అద్దాలతో ఉన్న ఆ బండిని ముక్కలు చేసి ఎస్టేట్‌ను బతికించడం ధరపరంగానూ గిట్టుబాటు కాదు.

ఇక మిగిలింది మరో ఎస్టేట్. నడవని, ఇంజను లేని, తుప్పు పట్టిన ఎస్టేట్ శరీరం ఎక్కడ కనిపించినా కొనదగినదే. అద్దాలు పగలకుండా ఉంటే చాలు. వెనక చక్రాల పైన ఉండే పక్క అద్దాలు ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా విలువైనవి. ఎండకు ఎండి గట్టిపడ్డ రబ్బరు బీడింగులోంచి అద్దాన్ని తీసేటప్పుడు స్క్రూడ్రైవరుతో పెకలించబోతే అంచు చిట్లి, క్షణంలో అద్దమంతా పప్పుగింజలంత ముక్కలై సీట్లో రాలుతుంది. పాత బీడింగు ఎలాగూ పనికిరాదు కనుక, దాని బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసేసి, సబ్బు నీళ్లు పోసి, లోపలి నుంచి రెండు అరచేతులతో ఒక మూలను మెల్లగా నెట్టాలి. బయట ఇంకొకరు గోనెపట్టా పట్టుకుని అందుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త బీడింగును ముందు అద్దానికి తొడిగి, శరీరం అంచు మీద కూర్చునే గాడిలో ఒక గట్టి నైలాను తాడును చుట్టూ పోనిచ్చి దాని కొసలు రెండూ కారు లోపల ఉండేలా చూసుకోవాలి. బయటి మనిషి అద్దాన్ని అరచేత్తో అదిమి ఉంచగా లోపలి మనిషి తాడును కొద్దికొద్దిగా లాగుతుంటే రబ్బరు పెదవి లోపలి అంచు మీదికి తానుగా ఎక్కి కూర్చుంటుంది. అసలు బీడింగు ఇప్పుడు దొరకదు. బస్సు బాడీలు కట్టేవారి దగ్గర మీటర్ల లెక్కన అమ్మే రబ్బరులోంచి అదే గాడి కొలత ఉన్నది ఎంచుకుంటే నీరు కారదు, కాకపోతే మూలల దగ్గర కాస్త ముడత కనిపిస్తుంది. నాకు అది అభ్యంతరం కాదు.

సామాను ఎంత బాగా కనిపించినా స్క్రాప్ బండి నుంచి కొన్నింటిని తీసుకోరాదు. వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు అందులో మొదటిది. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్డు పాడవుతుంది, మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది. బ్రేకు రబ్బర్లు, హోసు పైపులు, క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్లు, చక్రాల బేరింగులు కొత్తవే వేయాలి. ఇవన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల సుమో పేరు చెబితే దొరుకుతాయి. ఎస్టేట్ పేరు చెబితే మాత్రం దుకాణదారు ముఖం ప్రశ్నార్థకంగా పెడతాడు.

ఇంట్లో చేసుకునే పనుల్లో ఓపికకు పరీక్ష పెట్టేది ముందు టార్షన్ బార్లు. కాయిల్ స్ప్రింగు స్థానంలో పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరిగి బరువు మోసే ఏర్పాటు ఇది. విప్పేముందు సర్దుబాటు బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకోవాలి. కడ్డీ మీద, అది దూరే చోట ఒకే గీత పడేలా రంగు గుర్తు పెట్టాలి. వాడిన కడ్డీలను కుడి ఎడమలు తారుమారు చేయకూడదు, ఎందుకంటే అవి ఏళ్ల తరబడి ఒకే దిశలో మెలితిరగడానికి అలవాటు పడి ఉంటాయి. బోల్టు పూర్తిగా వదులు చేసి ఒత్తిడి తీసేశాకే మిగిలినవాటి జోలికి పోవాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి దూరడం ఎంత తొందరలో ఉన్నా తగదు.

తుప్పు పని మాత్రం ఇంట్లో సగమే అవుతుంది. ఫుట్‌మ్యాట్ల కింద నేల, వెనక తలుపు అడుగు అంచు, చక్రాల గూళ్లు, ముందు అద్దం కింది మూలలు చాలా బండ్లలో పుట్టీ కింద దాక్కుని కనిపిస్తాయి. అయస్కాంతం ముక్క దగ్గర పెట్టి చూస్తే రేకు ఎక్కడ ఆగిందో, పుట్టీ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. గోకడం, రెడ్ ఆక్సైడ్ పూయడం మనం చేసుకోవచ్చు గాని, రేకు కోసి అతికించే పనిని చేయి తిరిగిన టింకరింగ్ మనిషికే వదలాలి. స్క్రాప్ ఎస్టేట్ నుంచి నేల ముక్కను అతుకుకు సరిపడా అంచు వదిలి కోయించుకుంటే, అచ్చులో తయారైన గాడులు యథాతథంగా వస్తాయి. సుత్తితో సాగగొట్టిన కొత్త రేకుకు ఆ బిగువు రాదు.

సామాను వెతకడంలో విజయవాడ ఆటోనగర్‌కు నేను మంచి మార్కులే వేస్తాను. అక్కడ పాత సామాను, లేతు పని, కమాన్ పట్టీలు కట్టేవారు, రేడియేటరు బాగుచేసేవారు నడక దూరంలోనే ఉండడం వల్ల ఉదయం విప్పిన వస్తువును సాయంత్రానికి బాగుచేయించి తెచ్చుకోవచ్చు. ఎస్టేట్ సొంత భాగాల కోసం మాత్రం చెన్నై పుదుపేట, ముంబై కుర్లా వంటి పెద్ద బజార్ల దాకా వాకబు చేయవలసి వస్తుంది. ఒక దుకాణంలో తోక దీపాల జత చూపించి, "ఇది ఇంకెక్కడా దొరకదు సార్, మీరే చెప్పండి" అంటూ మొత్తం ఇంజను ధరకు దగ్గరి ధర అడిగారు. పైగా ఇంటికొచ్చి చూస్తే అందులో ఒక దాని పగులును లోపలి నుంచి జిగురుతో అతికించి ఉంది. దీపాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడనిదే డబ్బు చేతికివ్వకూడదు.

కాగితాల పనిని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరవాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 అయింది. పాత బండ్లపై వేసే హరిత పన్ను దీనికి అదనం. వింటేజ్ వాహనంగా నమోదు చేయించి తప్పించుకుందామంటే దానికి 50 ఏళ్లు నిండాలి, అంటే మొట్టమొదటి ఎస్టేట్‌కైనా 2042 దాకా ఆగాలి. వేరే బండి ఇంజను బిగిస్తే ఆర్టీఏ అనుమతితో కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించాలి. అందుకు ఆ ఇంజను ఏ బండిదో తెలిపే కాగితాలు, కొన్న రసీదు చేతిలో ఉండాలి. విప్పేసిన బండి ఇక నడవదు గనక చట్టంలోని 55వ సెక్షను ప్రకారం 14 రోజుల్లోగా సమాచారమిచ్చి దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. ఆర్‌సీ లేని స్క్రాప్ బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దనడమే క్షేమం.

ఇంత చేశాక వచ్చే కారు ఎలా ఉంటుందంటే, నెమ్మదిగా ఉంటుంది. టర్బో లేని ఇంజను శక్తి అరవై పైచిలుకు హార్స్‌పవరు మాత్రమే. ఘాట్ రోడ్డులో లారీ వెనక చిక్కుకుంటే దాటడానికి మంచి వీలు కోసం కాచుకోవాలి. స్టీరింగు తేలిక, సీట్లు సుఖం, వెనక సీటు మడిస్తే వచ్చే చోటు ఈనాటి ఎస్‌యూవీలు చాలావాటిలో లేదు. గతుకుల్లో వెనక కమాన్ పట్టీలు ఖాళీ బండిని కాస్త ఎగరేస్తాయి, మనుషులు, సామాను ఎక్కితే అదే బండి నిబ్బరంగా సాగుతుంది. డీజిలు చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంటుంది, ఎంత గుడ్డ పరిచినా అది పూర్తిగా పోదు. ఈ స్వభావం నచ్చినవారికి నేను ఐదుకు నాలుగు మార్కులు చెబుతాను. ఒక మార్కు అద్దాలు, బీడింగుల కోసం పడే తిప్పల కింద తగ్గించాను.

రెండు బండ్లు నిలిపే చోటు లేనివారు, స్టేషన్ వ్యాగనే కావాలనుకుంటే, 2004లో వచ్చిన టాటా ఇండిగో మరీనా వైపు చూడటం మేలు. ఇండికా, ఇండిగోల సామాను దానికి చాలామటుకు సరిపోతుంది, ఆ బండ్లు తుక్కు దుకాణాల్లో ఇప్పటికీ వరసగా కనిపిస్తున్నాయి. మరీనాకు కూడా వెనక తలుపు, వెనక పక్క అద్దాలు ప్రత్యేకమే గనక, ఆ రెండూ బాగున్న బండినే ఎంచుకోవాలి.