ఎడిసన్ నమూనా బల్బు: గాజు బాగుంది, డబ్బా మీది రాత నమ్మొద్దు

ఎడిసన్ తొలి బల్బుకు స్మారక నమూనా అని ఆన్‌లైన్‌ల ఆరేడు వందలకు అమ్ముతున్న 40 వాట్ల బల్బు ఇది. గాజు పనికి వంక పెట్టలేం. నెత్తిన సన్నటి మొన ఉంది. పాతకాలంల బుడ్డిలోని గాలి లాగేసినంక ఆ గొట్టాన్ని అక్కడే కరిగించి మూసేటోళ్లు, ఆ గుర్తే ఇది. చాలా నమూనాలకు ఈ మొననే ఉండదు, ఉన్నా మొద్దుగ ఉంటది. దీనికి మాత్రం చూడముచ్చటగ తీసిన్రు. పార్సిల్‌ల ముందు విరిగేదీ అదే. డబ్బా విప్పంగనే చూడాలె, విరిగితే లోపలికి గాలి పోయినట్టే, వెలిగించిన క్షణమే ఫిలమెంటు కాలిపోతది.

అసలు తకరారు ఫిలమెంటు దగ్గరుంది. డబ్బా మీద 'కార్బన్' అని రాసిన్రు, లోపలున్నది టంగ్‌స్టన్. తేల్చుకునుడు సులువే. మల్టీమీటరు ఓములల్ల 20 కె మీద పెట్టి, దాని ఒక కడ్డీని బల్బు క్యాపు మరలకు, ఇంకోటి అడుగు బొట్టుకు ఆనించాలె. 230 ఓల్టుల 40 వాట్ల బల్బు వెలిగేటప్పుడు రెసిస్టెన్సు దాదాపు 1,320 ఓములు. టంగ్‌స్టన్ చల్లగున్నప్పుడు అందుల పదో వంతో, ఇంకా తక్కువనో చూపిస్తది. కార్బన్‌ది ఉల్టా, చల్లగున్నప్పుడే ఎక్కువ, 1,320 దాటాలె. ఈ బల్బు 130 దగ్గర ఆగింది. ఏ రీడింగూ రాకుంటే ఫిలమెంటు తెగిందన్నా అనుకోవాలె, లోపల ఎల్ఈడీ అన్నా ఉండాలె.

1879 అని అచ్చేసినందుకు రూపం కూడా కలవాలె కదా. ఆ అక్టోబరుల వెలిగింది బొగ్గుగా మార్చిన నూలు దారం, ఒకటే వంపు. దాని పేటెంటు 1880 జనవరి 27న వచ్చింది, నంబరు 2,23,898. ఇందుల తీగ పంజరం లెక్క పైకీ కిందికీ తిరిగింది. మర క్యాపు కూడా తర్వాత వచ్చిందే, మొదటిదానికి తీగలు అడుగు నుంచి బయటికొచ్చేవి.

వెలిగించాలనుకుంటే ఇంకో సంగతి. మన నల్లగొండ ఇండ్లల్ల ఉండేవి పిన్ను హోల్డర్లు, దీనికి ఈ27 స్క్రూ హోల్డరు కావాలె. ఫేజు తప్పకుండ అడుగు బొట్టుకే ఇయ్యాలె, మరలకు ఇస్తే బల్బు తిప్పేటప్పుడు షాక్ కొడతది. వ్యవసాయ మోటర్లు ఆగినంక ఊర్లల్ల ఓల్టేజీ ఎక్కుతది. 5 శాతం పెరిగితే చాలు, బల్బు ఆయుష్షు సగానికి పడుతది. డిమ్మరు పెట్టి తగ్గించి వెలిగిస్తే చానా కాలం వస్తది, తీగ ఎర్రగ కనిపించి అందమూ పెరుగుతది.

అమెరికా నుంచి తెప్పించిన 120 ఓల్టులవి నేరుగా పెట్టొద్దు, మాడిపోతయి. ఒకే వాటేజీ, ఒకే రకం బల్బులు రెండు సిరీస్‌ల కలిపితే చెరి 115 ఓల్టులు అందుతయి.

గాజు మీది అచ్చును తడిబట్టతో తుడవొద్దు, లేచిపోతది. మెత్తటి కుంచె చాలు.

అలమారల పెట్టుకునేటోళ్లకు ఈ ధరకు సరే. కార్బనే కావాల్నంటే మీటరు పెట్టి తీసిన ఫొటో అడుగున్రి, పంపకుంటే కొనొద్దు.