మా గల్లీ అంగన్‌వాడీలో మా పాప: ఒక తల్లి రివ్యూ

హన్మకొండలో మూడేళ్ల పిల్లను ఎక్కడ వేయాలని అడిగితే అందరూ ప్లేస్కూళ్ల పేర్లే చెబుతారు. మేమూ ఒకటి చూసొచ్చాం. ఏసీ గది, గోడల నిండా కార్టూన్ బొమ్మలు, పిల్ల ఏం చేస్తోందో మన ఫోన్‌లో చూసుకునే కెమెరా, సరిగ్గా పెన్సిల్ పట్టుకోవడం కూడా రాని పిల్లలకు వర్క్‌షీట్లు. ఫీజు విన్నాక మా ఆయన మాట్లాడకుండా బయటికెళ్లి బండి స్టార్ట్ చేశాడు. అంగన్‌వాడీలో వేద్దామన్నది నేను. "గుడ్డు కోసం పంపుతున్నవా?" అంది మా అత్తమ్మ. గుడ్డు కోసం కూడా పంపాను, అందులో దాచేదేముంది?

ఏ కేంద్రమో రాయను. కొన్ని ఫిర్యాదులు కూడా చెప్పబోతున్నాను, టీచరమ్మకు వాటివల్ల ఇబ్బంది రావద్దు. నా గురించి ఒక్క మాట. డీఎడ్ చేశాను, డీఎస్సీలో పోస్టు రాలేదు, ఇంట్లో బ్లౌజులు కుడతాను. నా కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే ఎదురు వరసలో ఉన్న అంగన్‌వాడీ వాకిలి మొత్తం కనిపిస్తుంది. అందుకే ఈ రివ్యూ అడ్మిషన్ రోజు చూసిన దాన్ని బట్టి రాసింది కాదు.

చేర్చిన కొత్తలో మా పాప ఎవరితోనూ ఆడలేదు. గడప పక్కన నిలబడి, నోట్లో వేలేసుకుని, మిగతా పిల్లలను చూసేది. అత్తమ్మకు టెన్షన్, "పిల్ల కలుస్తలేదు, మాన్పియ్యి" అని రోజూ పోరు. నేను ఊరుకున్నాను. మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆమె అమెరికాలో నర్సరీ పిల్లలు ఆడుకునేటప్పుడు కనిపెట్టి చూసి 1932లో రాసింది డీఎస్సీకి చదివాను. ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడటం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, చివరికి పనులు పంచుకుని ఒకే ఆట ఆడటం. ఇవి వరసగా ఎక్కే మెట్లేమీ కావు, పెద్ద పిల్లలు కూడా మధ్యలో ఒంటరి ఆటకు వెళ్లి వస్తుంటారు. కానీ చూస్తూ నిలబడిన పిల్ల ఖాళీగా ఉన్నట్టు కాదని మాత్రం నాకు అప్పుడే అర్థమైంది.

కొన్నాళ్లకు చూడటం మానేసి వాళ్ల పక్కన కూర్చుంది. ఇద్దరు పిల్లలు మట్టితో బువ్వాలాట ఆడుతుంటే మూరెడు దూరంలో తనూ ఒక కొబ్బరి చిప్పలో మట్టి కలిపింది. మాటల్లేవు. వాళ్లు చిప్ప బోర్లిస్తే ఇదీ బోర్లించింది. ఒకరోజు ఆ ఇద్దరిలో ఒకతి తలెత్తకుండానే "ఉప్పు తే" అంది. మా పాప పరుగున పోయి గుప్పెడు ఇసుక తెచ్చింది. పిలుపు అంతే. ఆ చోట పెద్దవాళ్లు ఎవరైనా "అందరూ కలిసి ఆడుకోండి, చెల్లెకు చిప్ప ఇయ్యండి" అని ఉంటే ఏడుపు తప్ప ఏమీ వచ్చేది కాదని నా అభిప్రాయం.

నేను ఎక్కువ మార్కులు వేసేది జాతర ఆటకు. 2026 జనవరి చివర మేడారం జాతర అయింది. మా గల్లీలో సగం ఇళ్లు పోయొచ్చాయి. వచ్చిన వారంలో ఆ వాకిట్లో మొదలైంది. కోడిగుడ్ల అట్టలు బోర్లించి గద్దెలు కట్టారు. పౌడర్ డబ్బా కుంకుమ భరిణె. మట్టి పెళ్లలు బంగారం (బయటి ఊళ్లవాళ్ల కోసం: మేడారంలో బంగారమంటే బెల్లం). నేను కుట్టగా మిగిలిన ఎర్ర గుడ్డముక్కలు చీరెలయ్యాయి. ఇద్దరు ఆడపిల్లలు నేనంటే నేను సమ్మక్కనని జుట్లు పట్టుకున్నారు. ఐదేళ్ల పెద్ద పిల్ల వచ్చి తీర్పు చెప్పింది: "సారలమ్మ బుధవారం వస్తది, సమ్మక్క బేస్తారం వస్తది. ఇయ్యాల నువ్వు, రేపు ఆమె." రేపటి దాకా ఆగడానికి మూడున్నరేళ్ల పిల్ల ఒప్పుకుంది! చాక్లెట్ కోసం రెండు నిమిషాలు ఆగని పిల్ల అది.

బిహార్ నుంచి వచ్చిన మేస్త్రీ వాళ్ల బాబుకు తెలుగు రాదు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగేటప్పుడు పోలీసులు గాల్లోకి కాల్పులు జరుపుతారు కదా, ఆ పని వాడు పట్టుకున్నాడు. కట్టెపుల్ల పైకెత్తి "ఠాప్ ఠాప్" అనడానికి భాష ఎందుకు? వారం తిరిగేసరికి "జరగుండ్రి, జరగుండ్రి" అని జనాన్ని కూడా వాడే తోస్తున్నాడు. ఇంతలో ఒకడికి పిల్లల బరువు తూచే మిషన్ గుర్తొచ్చింది, నిలువెత్తు బంగారం (మనిషి బరువంత బెల్లం మొక్కు) తూకానికి. దాని మీద మట్టి పోయబోతుంటే టీచరమ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. "మిషన్ ఖరాబైతే మీ బరువెట్ల రాయాలె?" అని చెప్పి, ఒక కట్టెకు రెండు ప్లాస్టిక్ కవర్లు కట్టి త్రాసు చేసిచ్చి, తన రిజిస్టర్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇలాంటి ఆటల గురించి వైగోత్‌స్కీ అనే రష్యా సైకాలజిస్టు చెప్పింది టెట్‌కు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఊహల ఆటలో కూడా నియమాలుంటాయి, పిల్లలు తమ కోరికను అణుచుకుని వాటికి కట్టుబడతారు. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్ది వచ్చాను. ఆ మాటకు అర్థం ఎదురింటి వాకిట్లో దొరికింది.

టీచరమ్మ గురించి ఇంకొంచెం చెప్పాలి. పిల్లలు కొట్టుకుంటే వెంటనే "సారీ చెప్పు" అనదు. దెబ్బ తగిలినవాడిని దగ్గరికి తీసుకుని, రెండోవాడిని "ఇప్పుడు ఎట్ల చేద్దాం మరి?" అని అడుగుతుంది. వాళ్లు ఏదో ఒకటి చెబుతారు, ఒక్కోసారి అన్యాయంగానే చెబుతారు, అయినా వింటుంది. అన్నం దగ్గర పెద్ద పిల్లలు ప్లేట్లు పంచుతారు. మా పాప ఇప్పుడు ఇంట్లో నాకు కూడా "నీ వంతు రాలే" అంటోంది. 2024లో కేంద్ర ప్రభుత్వం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తెచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళికలో ఆటకే పెద్దపీట వేశారు. ఈ కేంద్రంలో అది కొంత జరుగుతోంది. పై ఆఫీసు నుంచి ఎవరైనా వస్తున్నారంటే మాత్రం ఆ రోజు ఆట బంద్, అందరూ చేతులు కట్టుకుని ఏబీసీడీలు.

ఇక లోపాలు, చిన్నవేమీ కాదు. ఒక్కటే అద్దె గది, బియ్యం బస్తాలు, బాలామృతం ప్యాకెట్లు కూడా అందులోనే. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలు కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వాన పడితే ఈ గదిలో కాలు చాపుకునే చోటు ఉండదు. వాకిలికి గోడ లేదు, గల్లీలో బైకులు ఆగవు. ఒక మధ్యాహ్నం మా పాప ఒక్కతే రోడ్డు దాటి నా మిషన్ దగ్గరికి వచ్చేసింది. ఆ రోజు పెద్ద గొడవే చేశాను. ఇప్పుడు అడ్డంగా ఒక బల్ల పెడుతున్నారు. సర్వేలు, ఓటర్ల జాబితా పని వస్తే టీచరమ్మ ఉండదు, ఆయమ్మ ఒక్కతే వంట చూడాలి, పిల్లల్ని చూడాలి. ఉన్న రోజు కూడా పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఫొటోలు, వివరాలు ఎక్కించడానికే ఎంతో సేపు పోతుంది. ఇది ఆమె తప్పు కాదు. కానీ ఆ సమయం మన పిల్లలదే. బాత్రూం గురించి ఏం చెప్పను, నేను పాపను ఇంటికే తీసుకొస్తాను.

ఇంకో సంగతి బయటికి కనిపించదు. జూన్ రాగానే నాలుగేళ్లు నిండిన వాళ్లలో చాలామందిని ఇంగ్లిష్ మీడియం నర్సరీలకు మార్చేస్తారు. అంటే తీర్పులు చెప్పే వయసు పిల్లలు పోతారు. చిన్నవాళ్లు ఆటలు నేర్చుకునేది ఎక్కువగా వాళ్ల దగ్గరే, టీచర్ దగ్గర కాదు. ప్లేస్కూళ్లలో వయసు ప్రకారం గదులు వేరు చేస్తారు కాబట్టి అక్కడ ఈ కలయిక మొదటి నుంచే ఉండదు. ఇక్కడ ఉన్నదాన్ని మనమే చెడగొట్టుకుంటున్నాం.

ఆటకు 5కి 5. తిండికి 4, గుడ్డు ఒక్కోసారి చిన్నగా ఉంటుంది. టీచరమ్మకు, ఉన్న రోజుల్లో, 5. స్థలానికి, భద్రతకు 2, అది కూడా బల్ల పెట్టాక. చేర్చాలనుకునేవాళ్లు పొద్దున పద్యాలు చెప్పించే వేళ కాకుండా అన్నం తిన్నాక వెళ్లి కాసేపు కూర్చోండి. పెద్ద పిల్లలు ఎందరున్నారో, వాకిలికి అడ్డం ఏముందో చూసుకోండి. నేను ఈ జూన్‌లో కూడా పాపను ఇక్కడే ఉంచుదామంటున్నాను. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.